గారెలేస్తన్నం: టీకా తాత్పర్య సహితం

మూలం: "వదినా, ఆదివారం ముత్యాలమ్మ పండగ. కోడిని కోస్తన్నం, గారెలేస్తన్నం. అన్నయ్యను తీసుకొని పొద్దుగాలే రాండి."

అవతారిక: కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మెదక్ వైపు కొల్చారం వాడు. మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు, పైగా ఆకలి మీదున్నాడు. పై వాక్యం జూలూరుపాడు పరిసరాల్లో ఆడబిడ్డ నోట ఫోన్లో వినబడే రకం. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే దారిలో, పత్తి, మిర్చి చేలకూ అడవికీ నడుమనున్న మండలమిది. 2016 అక్టోబరు 11న ఖమ్మం జిల్లాలోంచి భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చింది.

ప్రతిపదార్థం: వదినా = ఓ అన్న భార్యా. మేనత్త కూతుర్నీ వదినే అంటారు గదా అని శంక. "అన్నయ్యను తీసుకొని" అని ముందుంది కాబట్టి ఆ శంక నిలవదు. కోడిని = నాటుకోడిని. విశేషణం చెప్పకపోయినా తెలుస్తుంది. ఫారం కోడైతే "చికెన్ తెస్తన్నం" అంటారు గాని కోస్తన్నం అనరు. గారెలు = మినప గారెలు.

ఈ చివరి అర్థం దగ్గర పండితులకు పేచీ ఉంది. వరంగల్, కరీంనగర్ వైపు వాళ్లు గారెలంటే బొబ్బర్లవి అనుకోవచ్చు, బియ్యప్పిండితో కరకరలాడే చెక్క గారెలనీ అనుకోవచ్చు. గోదావరి వైపు వాళ్లకు మినుము తప్ప వేరే పాఠం లేదు. జూలూరుపాడు ఈ రెంటికీ మధ్య ఊరే అయినా, పక్కన కోడి ఉంది కాబట్టి ఇక్కడ మినప పాఠమే గ్రాహ్యం. చెక్క గారె పులుసులో పడితే ఏమవుతుందో వివరించడం వ్యాఖ్యాత మర్యాద కాదు.

శంక: కోడి ఉండగా గారె ఎందుకు? కోడి ఉంది కాబట్టే. నాటుకోడి ముక్క గట్టిది, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. ఆ పొయ్యి మీద గడిపిన కాలంలో దాని సారమంతా పులుసులోకి దిగుతుంది. అసలు సరుకు అక్కడుంది. అన్నంలో పోస్తే ఆ పులుసు విస్తరి అంచు వెతుక్కుంటూ పారుతుంది. గారెకైతే లోపల గదులున్నాయి, అక్కడే ఆగుతుంది. మినప్పిండిలో అరబినోగలాక్టన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. రుబ్బేటప్పుడు చేరిన గాలి బుడగలను అది పగలనీయదు. అందుకే నూనెలో గారె పొంగుతుంది, గిన్నెలో పులుసు తాగుతుంది. కోడి ముక్క నిమిత్తమాత్రమనే వాళ్లున్నారు, వాళ్లను తప్పుబట్టలేం. అమెరికాలో కరోలినా రాష్ట్రాల వాళ్లు కూడా బార్బెక్యూ పంది మాంసం పక్కన మొక్కజొన్న పిండి ముద్దలు నూనెలో వేయించి పెట్టుకుంటారు. హష్‌పపీలంటారు వాటిని. మాంసం పక్కన నూనెలో వేగినదేదో ఒకటి ఉండాలన్న సూత్రం వాళ్లకూ తెలుసు. చిల్లు పెట్టడం మాత్రం తెలియలేదు.

చిల్లు గురించి. డోనట్‌కు చిల్లు 1847లో ఓడ మీద తానే పెట్టానని మెయిన్ రాష్ట్రపు నావికుడు హాన్సన్ గ్రెగరీ ముసలితనంలో చెప్పుకున్నాడు. నడిమధ్య పిండి పచ్చిగా మిగిలిపోతోందన్నది ఆయన బాధ. ఇదే బాధకు ఇదే మందు మన వంటింట్లోనూ ఉంది. ఎవరు కనిపెట్టారో ఎవరూ చెప్పుకోలేదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసంలో మినుముతో చేసే ఘారిక ఉందంటే, సరుకు పాతదేనని ఒప్పుకోవాలి.

పూర్వపక్షం: గారె పవిత్రమైనది. ఆంజనేయుడి మెళ్లో వడమాల అవుతుంది, ఆబ్దికం నాడు విస్తట్లో ఉంటుంది. దాన్ని కోడి పులుసులో ముంచడమేమిటి? సిద్ధాంతం: కనుమ నాడు మినుము తినాలని పెద్దలన్నారు. ఏ పులుసుతో తినకూడదో అన్లేదు.

ఇక "ఏస్తన్నం". పొట్టు మినప్పప్పు నాలుగు గంటలు నానాలి. తర్వాత కడగాలి. పొట్టు పైకి తేలుతుంది, వంపాలి, మళ్లీ నీళ్లు పోయాలి, అరచేతులతో రుద్దాలి, మళ్లీ వంపాలి. నల్ల చుక్క ఒక్కటైనా కనిపిస్తే అత్తగారు మాట్లాడరు, చూస్తారు. రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించాలే గాని పోయకూడదు. చిటికెడు పిండి గిన్నెడు నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు ఆఖర్న వేయాలి, ముందే వేస్తే పిండి జారవుతుంది. జారైన పిండికి పిడికెడు బియ్యప్పిండి ప్రాయశ్చిత్తం, కాకపోతే ఆ గారె సంగతి నమిలేవాడికి తెలిసిపోతుంది. తడిచేత్తో మోదుగాకు మీద తట్టి, వేలితో చిల్లు పెట్టి, కాగిన నూనెలోకి జార్చాలి. పండగంటే పది పదిహేను మంది చుట్టాలు. మనిషికి నాలుగు చాలవు.

అన్వయం: ఇంత పని ఒక్కరి చేతి మీద జరిగేది కాదు. కోస్తన్నం, ఏస్తన్నం అని రెండు క్రియలూ ఒకే బహువచనంలో ఉన్నా కర్తలు వేరు. మొదటిదానికి మగవాళ్లు, రెండోదానికి ఆడవాళ్లు. మొదటి పని కాసేపట్లో అయిపోతుంది, ఆ తర్వాత వాళ్లు వేపచెట్టు కింద కుర్చీలేసుకుంటారు. రెండో క్రియలోని "మేము"లో ఎవరెవరున్నారో ఆడబిడ్డ విప్పి చెప్పలేదు. "పొద్దుగాలే" అన్న పదం చెబుతుంది. భోజనం మధ్యాహ్నానికి గదా, పొద్దుగాలే దేనికి? వదిన ఆ పదం వినగానే ఉంగరాలు తీసి బీరువాలో పెట్టింది. ఆమె వెళ్లేసరికి పప్పు నానే ఉంటుంది, పొట్టు కడగడం మిగిలే ఉంటుంది.