పౌడరు పరీక్ష పాసైన వాచీ

దసరా సేల్ పుణ్యమా అని మా విశాఖలో ప్రతి ముంజేతి మీదా ఒక యుద్ధట్యాంకు మొలిచింది. తెల్లారగట్ల కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడి చూడండి. నారింజరంగు పట్టీ, నాలుగు మూలలా పైకి తేలిన స్క్రూలు, మణికట్టు దాటి రెండు పక్కలా పొడుచుకొచ్చే డయలు. ఈ అలంకారం చూసి వీళ్లంతా హిమాలయాలు ఎక్కబోతున్నారనుకునేరు. కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఇడ్లీ తిని ఇంటికెళ్తారు.

వాచీల మీద నాకు పగ లేదు. ఉన్నదంతా వాటి గురించి వినాల్సి వచ్చే ఉపన్యాసం మీద. మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు కుర్రాడు, రుషికొండ ఐటీ హిల్స్ మీద ఉద్యోగం, లిఫ్టులో నన్ను పట్టుకున్నాడు.

“వందకు పైగా స్పోర్ట్స్ మోడ్స్ అంకుల్. స్కీయింగ్ కూడా ఉంది.”

“మధురవాడలోనా నాయనా?”

“అలా కాదంకుల్. ఉండటం ముఖ్యం.”

ఉండటం ముఖ్యం! ఈ ఒక్క ముక్క పట్టుకుంటే ఈ వాచీల మతం మొత్తం బోధపడుతుంది. దిక్సూచి ఉంది. సముద్రం ఎటుందో చూసి దిక్కు చెప్పడం ఈ ఊళ్లో ఒకటో తరగతి పిల్లాడికీ వచ్చు. ఎత్తు కొలిచే యంత్రం ఉంది, కైలాసగిరికి రోప్‌వేలో కూర్చుని వెళ్లేవాళ్ల కోసం కాబోలు. టార్చిలైటు ఉంది, ఆపదలో నొక్కే మీట ఉంది. టైము చూపించడం అనే సదుపాయం ఆ జాబితాలో ఎక్కడో అట్టడుగున దొరుకుతుంది. 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టిన గోడే వెంకట జగ్గారావుగారి ఊరండీ ఇది. నక్షత్రాన్ని చూసి ఊరికి టైము చెప్పిన చోటు. స్కీయింగ్ మోడ్ లేకుండానే ఆ పని జరిగింది.

తుఫాను హెచ్చరిక ఇంకో వింత. గాలి పీడనం పడిపోతే వాచీ కీచుమంటుందట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కైలాసగిరి మీది వాతావరణ శాఖ రాడారే మూగబోయింది. సెల్ టవర్లు ఒరిగిపోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. రెండ్రోజులకోసారి చార్జరుకు తగిలించకపోతే కళ్లు తేలేసే వాచీ ఆ వారం ఏ కఠిన పరిస్థితిని తట్టుకునేదో కంపెనీవారే సెలవియ్యాలి.

నీళ్ల సంగతి సరేసరి. డబ్బా మీద 50 మీటర్లని ఉంటుంది. లోపలి కాగితంలో చీమతలకాయంత అక్షరాలతో, వేడినీళ్ల స్నానానికి వాచీ తీసేయండని ఉంటుంది. ఆ 50 మీటర్లు కదలని నీటి ఒత్తిడి లెక్కే తప్ప మీరు దూకే లోతు కాదు. అంతఃపురంలో గెలిచి యుద్ధభూమిలో ఓడిన ఉత్తరకుమారుడే నయం, ఈయన బంగాళాఖాతాన్ని జయించి బాత్రూములో ఓడిపోతున్నాడు.

ఇక మిలిటరీ గ్రేడ్. తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో ఈ మాట అమ్మాలంటే గుండెధైర్యం కావాలి. వాళ్లు చూపించే ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖవారి పరీక్షల పుస్తకం. వెయ్యికి పైగా పేజీలు. ఎండ, చలి, వాన, ఇసుక, ఉప్పు, కుదుపు, దెబ్బ, ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. అందులో ఏవి చేయాలో, ఎంత గట్టిగా చేయాలో వాచీ కంపెనీయే ఎంచుకుంటుంది. పాసయ్యానని చెప్పుకునేదీ కంపెనీయే. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసంటూ ఆ సైన్యంలో ఏదీ లేదు. ప్రశ్నలు తనే రాసుకుని, జవాబులు తనే రాసి, తనే దిద్దుకుని, ఫస్టు క్లాసు వచ్చిందని వీధంతా స్వీట్లు పంచే పిల్లాణ్ని మనం ఇంట్లో ఏం చేస్తాం? ఇక్కడ మాత్రం ఈఎంఐ కట్టి మరీ ఆ స్వీటు తింటున్నాం.

ఇవన్నీ పోనివ్వండి. నాకు కొరుకుడుపడనిది దుమ్ము.

డబ్బా మీద ఐపీ68 అని ఉంటుంది కదా, అందులో 6 దుమ్ముకు, 8 నీళ్లకు. దుమ్ములో 6ను మించిన మార్కు లేదు. రేణువు కూడా లోపలికి దూరదని అర్థం. ఎడారి ఫొటో, దుమారం ఫొటో, మధ్యలో మొహానికి గుడ్డ చుట్టుకున్న వీరుడు, పక్కన ఆ అంకె. ఇంతకీ ఆ మార్కు ఎలా వేస్తారు? వాచీని ఒక మూసిన పెట్టెలో పెడతారు. లోపల పొడి రేపుతారు. మహా అయితే 8 గంటలు. ఆ పొడి ఏమిటనుకుంటున్నారు? రాజస్థాన్ ఇసుకా? సిమెంటా? బొగ్గా?

టాల్కం పౌడరు.

సన్నజల్లెడ పట్టిన టాల్కం పౌడరు. చంటిపిల్లకు నీళ్లు పోసి రాసేది. పెళ్లింట్లో అద్దం ముందు మేనత్తలు మెడకు అద్దుకునేది. ప్రమాణం రాసినవాళ్లను తప్పు పట్టను. సన్నగా, పొడిగా, ఏ దేశంలోనైనా ఒకేలా దొరికే పొడి వాళ్లకు కావాలి, ప్రయోగశాలకు అది చాలు. దాన్ని మోసుకొచ్చి ఎడారిని జయించినట్టు కోతలు కోసేవాణ్ని అంటున్నాను. పౌడరు రాయించుకుని వచ్చి నాకు కాఠిన్యం గురించి చెబుతావా?

మా ఊళ్లో దుమ్మంటే ఏమిటో వన్‌టౌన్‌లో అడగండి, జ్ఞానాపురంలో అడగండి. పోర్టులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజం ఎక్కుతుంది, ఆరుబయట గుట్టలు పడి ఉంటాయి. గాలి ఇటు తిరిగిందా, అదంతా ఇళ్ల మీదికొస్తుంది. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి పాదం ముద్ర నల్లగా పడుతుంది. డ్రమ్ములో నీళ్లకు మూత సరిగ్గా పెట్టకపోతే పైన సన్నటి పొర తేలుతుంది. తీగ మీంచి తీసిన తెల్లచొక్కాను దులపాలి తప్ప చేత్తో రుద్దకూడదు, రుద్దితే మసి పాకుతుంది. ఈ విద్య అక్కడ కొత్తకోడలికి అత్తగారు మొదటి వారంలోనే నేర్పుతుంది.

దానికి సముద్రపు తడి తోడు. పొడి దుమ్మయితే రాలిపోయేది. ఉప్పుగాలికి చెమ్మగిల్లిన బొగ్గుపొడి అంటుకుని కూర్చుంటుంది, కిటికీ ఊచ మీద గోరు పెట్టి గీస్తే గోరు కింద ముద్దగా వస్తుంది. మిలిటరీ పుస్తకంలో ఉప్పు పరీక్ష కూడా ఉంది లెండి. 5 శాతం ఉప్పునీటి పొగ ఒక రోజు, ఆరబెట్టడం ఒక రోజు, మళ్లీ అలాగే ఇంకో విడత. వెరసి నాలుగు రోజులు. నాలుగు రోజులు! పెదజాలారిపేటలో ఇనుప గేటుకు కార్తీకంలో రంగేస్తే వేసవికల్లా పెచ్చులు లేస్తాయి. ఆ గేటుకు ఏ సైన్యం గ్రేడు ఇచ్చింది?

జగదాంబ సెంటరు పక్క సందులో వాచీలు బాగుచేసే ఒకాయన సొరుగు లాగి చూపించాడు. ఈ వీరాధివీరులు ఓ డజను దాకా పడుకుని ఉన్నారు. ఒకదాన్ని వెనక్కి తిప్పాడు. చార్జింగు పిన్నులు రెండూ పచ్చగా కిలుం పట్టి ఉన్నాయి, అంచుల్లో తెల్లటి ఉప్పు చార. సముద్రంలో పడిందా అన్నాను. “సముద్రమేటి మాస్టారూ, సెమట” అన్నాడు. దుమ్ము లోపలికి వెళ్లలేదు, నిజమే. కరెంటు కూడా వెళ్లలేదు.

ఇలాంటి వాచీల వెనక ఎర్రలైటొకటి వెలుగుతుంది, రక్తంలో ప్రాణవాయువు శాతం చెప్పడానికి. వైద్యానికి దీన్ని నమ్ముకోవద్దని కింద మళ్లీ చీమతలకాయలు. వాచీ పొట్టలోకి దుమ్ము పోకుండా రబ్బరు సీలు వేశారు, పెట్టెలో పెట్టి చూశారు, అంకె వేశారు. జ్ఞానాపురంలో ఒక్క అంతస్తు ఎక్కడానికి రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకునే ముసలమ్మకు ఏ అంకె వేశారు? ఆమె ఉన్నది 8 గంటలు కాదు, పుట్టిన దగ్గర్నుంచీ ఆ పెట్టెలోనే ఉంది. టార్పాలిన్లు కప్పుతున్నాం, నీళ్లు చల్లుతున్నాం, మొక్కలు నాటుతున్నాం అని పోర్టువారు తరాల తరబడి చెబుతూనే ఉన్నారు. ఆమె దగ్గుతూనే ఉంది. సీలు వేయాల్సింది ఎక్కడో ఎవరికీ తెలియక కాదు, ఖర్చెవరు పెట్టాలన్నదే పేచీ.

కఠిన పరిస్థితులు కావాలా? కూర్మన్నపాలెం వెళ్లండి. ఉక్కు ఫ్యాక్టరీలో కోక్ ఓవెన్ బ్యాటరీ పైకప్పు మీద పనిచేసేవాడి బూటు కింద ఉన్నవి 1,000 డిగ్రీలు దాటిన గదులు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లటి పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి కారే ఇనుము 1,400 డిగ్రీల పైమాటే. 2022లో ఆపిల్‌వారి అల్ట్రా వాచీ మన దేశంలో ₹89,900కు దిగింది. దానికి కంపెనీయే గీసిన గీత 55 డిగ్రీలు. పైగా తిరిగే యంత్రం దగ్గరికి వాచీతో, ఉంగరంతో వెళ్లకూడదన్నది ఏ ఫ్యాక్టరీలోనైనా మొదటి పాఠం. అంటే కఠిన పరిస్థితుల కోసమే పుట్టిన వాచీకి అసలు సిసలు కఠిన పరిస్థితుల్లోకి ప్రవేశమే లేదు. అది ఏసీ గదికి, లిఫ్టుకు, నా చెవికి మాత్రమే.

ఆ ఫ్యాక్టరీ కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. 2021 జనవరిలో దాన్ని అమ్ముతామన్నారు. 2025 జనవరిలో ₹11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల్ని గేటు బయటికి పంపారు. రెండు వేల రూపాయల వాచీకైనా ఏడాది వారంటీ రాసిస్తారు. పాతికేళ్లు వేడిలో మాడినవాడికి ఆపాటి కాగితం లేదు.

పరీక్ష అన్న మాట ఈ ఊళ్లో కాస్త జాగ్రత్తగా వాడాలి. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేను బరువు మోయగలదో లేదో పరీక్షిస్తుండగా అది కుప్పకూలి 11 మంది చనిపోయారు. దెబ్బ తట్టుకుంటుందా లేదా అని వాచీని పైనుంచి పడేసి చూస్తారు, పగిలితే ఇంకోటి తీస్తారు.

పనివాడి చేతికి గట్టి వాచీ కట్టాలన్న ఆలోచన దేశంలో ఎవరికీ రాలేదనుకోకండి. వచ్చింది. నాగపూర్‌లో, చండీగఢ్‌లో, పంచకులలో పారిశుధ్య కార్మికులకు జీపీఎస్ వాచీలు తొడిగారు. ఎక్కడున్నావు, ఎంతసేపు నిలబడ్డావు, తెరమీద ఆఫీసరుకు కనబడుతుంది. కాలువలో చెయ్యి పెట్టడానికి గ్లవ్సు ఇవ్వండని ఎన్నేళ్లుగానో అడుగుతున్నవాళ్లకు ముందుగా అందింది అదీ. సాఫ్ట్‌వేర్ కుర్రాడు పదివేల అడుగులు వేస్తే వాచీ చప్పట్లు కొడుతుంది. చీపురు పట్టినామె పది అడుగులు పక్కకు వేస్తే జవాబు చెప్పుకోవాలి. అందుకని ఆ ఊళ్లలో కార్మికులు నిరసనకు దిగారు. దిగరూ మరి?

న్యాయంగా ఒక్కడి పేరు చెప్పాలి. కాసియో కంపెనీ ఇంజినీరు కికువో ఇబే. తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి ముక్కలైందని 1981లో మొదలుపెట్టి, రెండొందల దాకా నమూనాలు బద్దలుకొట్టి, 1983లో జీ-షాక్ తెచ్చాడు. పది మీటర్ల ఎత్తు నుంచి పడినా ఆడాలి, పది బార్ల నీటి ఒత్తిడి తట్టుకోవాలి, బ్యాటరీ పదేళ్లు రావాలి. మూడు మాటలు, అంతే. పరీక్ష ఎక్కడ చేశాడంటారా? ఆఫీసు మూడో అంతస్తు మరుగుదొడ్డి కిటికీలోంచి కిందికి విసిరి. ఆ కిటికీ ముందు వెయ్యి పేజీల పుస్తకం నాకు ఆనలేదు.

వాచీ కంపెనీలకు నాదొక ప్రతిపాదన. పెట్టెలు, పౌడర్లు కట్టిపెట్టి ఇటు రండి. జ్ఞానాపురంలో ఓ మేడ మీద బట్టలారేసే తీగకు పది వాచీలు వేలాడదీసి ఏడాది వదిలేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, జూన్ 15న ఫిషింగ్ హార్బర్లో బోటెక్కే కళాసీకి ఒకటి కట్టండి, వల లాగే చేతికి, ఐసు తోడే చేతికి. మే నెల బి షిఫ్టులో కోక్ ఓవెన్ మీదికి ఒకటి పంపండి. సేఫ్టీవాళ్లు ఆపితే మేనేజ్‌మెంటుతో మీరే మాట్లాడుకోండి. బతికి బయటపడ్డదాని డబ్బా మీద విశాఖ గ్రేడ్ అని అచ్చేసుకోండి, ఫీజు అడగను. షరతు ఒక్కటే. మార్కులు వేసే ఇంజినీర్లు కూడా ఆ తీగ కిందే, ఆ మేడ మీదే మకాం పెట్టాలి. పౌడరు కావాలంటే పూర్ణా మార్కెట్లో దొరుకుతుంది, చెమటకాయలకు పనికొస్తుంది.