సర్వసభ్య సమావేశ నోటీసు: సటీకా తాత్పర్యము

మూలము

"మండల పరిషత్ సర్వసభ్య సమావేశము తేది ........ నాడు ఉదయం 10-30 గంటలకు సమావేశ మందిరము నందు అధ్యక్షుల వారి అధ్యక్షతన జరుగును. కావున గౌరవ సభ్యులందరూ సకాలమునకు హాజరై సమావేశమును జయప్రదము చేయవలసినదిగా కోరడమైనది."

అవతారిక

ఈ కృతికి కర్త ఎవరో తెలియదు. కింద ఎంపీడీఓ గారి సంతకం ఉంటుంది గానీ రచన ఆయనది కాదు, ఆయనకు ముందున్న వారిదీ కాదు. 1986 నాటి చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చినప్పుడు ఏ సీనియర్ అసిస్టెంటో స్టెన్సిల్ మీద కొట్టి ఉంటాడు. లేదా అంతకు ముందరి సమితి ఫైల్లోంచి ఎత్తి రాసుకుని ఉంటాడు. తరవాత స్టెన్సిల్ పోయింది, టైపు మిషను పోయింది, ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా వస్తోంది. వాక్యంలో మాత్రం ఒక్క అక్షరం కదల్లేదు. వేదం తరవాత ఇంత పదిలంగా మన దాకా వచ్చిన పాఠం ఇదేనని నా నమ్మకం.

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో బస్సు దిగి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని దీన్ని చదివే మామూలు మనిషికి, ఇందులో వ్యాఖ్యానం రాయాల్సినంత ఏముందనిపిస్తుంది. మెదక్ సీమ నుంచి వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి వచ్చేదాకా కాళిదాసు విషయంలోనూ చాలామంది అలాగే అనుకుని ఉంటారు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథుడి ప్రతిజ్ఞ. ఇందులో రెండో సగం నేను నిలుపుకోలేను. మొదటి సగాన్ని తప్పడానికి వేరే వాళ్ళున్నారు. మినిట్స్ పుస్తకం వాళ్ళ చేతిలో ఉంటుంది.

పాఠాంతరము: పలాస-కాశీబుగ్గ ప్రతిలో "కౌన్సిల్ సాధారణ సమావేశము" అని ఉండును. అది మునిసిపాలిటీ గనక 1965 నాటి చట్టం కిందికి వస్తుంది. మన మండలం 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం కిందికి. అర్థభేదము లేదు.

టీక

"ఉదయం 10-30 గంటలకు": పదిన్నరకు ఇంటి దగ్గర బయలుదేరుట అని కొందరు, ఎమ్మెల్యే గారి కారు కనబడు వేళ అని మరికొందరు. పదిన్నరకే వచ్చి కూర్చునేది అధికారులు. వ్యవసాయాధికారి, పశువుల డాక్టరు, కరెంటు ఏఈ, తాగునీటి ఏఈ, ఎంఈఓ, అందరూ ఒడిలో ఫైలు పెట్టుకుని తమ శాఖ వంతు కోసం చూస్తుంటారు. ఇరవై మంది గంటన్నర ఊరికే కూర్చుంటే ముప్ఫై పనిగంటలు. ఆ పూట పశువుల డాక్టరు ఆసుపత్రిలో ఉంటే ఎన్ని గేదెలకు గాలికుంటు టీకా పడేదో ఈ టీకాకారుడికి లెక్క తెలియదు. శాఖకొక వేళ ఇచ్చి, మీ వంతుకు రండి, అయిపోతే వెళ్ళండి అంటే ఈ పదానికి అసలు వ్యాఖ్యే అక్కర్లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి విదేశీ పక్షులు ఏటేటా వానాకాలం చివర వేళ తప్పకుండా దిగుతాయి. వాటికి నోటీసు ఇచ్చేదెవరు?

"అధ్యక్షుల వారి అధ్యక్షతన": పునరుక్తి దోషమని పైకి అనిపిస్తుంది, కాదు. అధి అంటే పైన, అక్షం అంటే కన్ను. పైనుంచి కనిపెట్టి చూసేవాడు అధ్యక్షుడు. ఎవరు మాట్లాడాలో, ఎవరు ఆపాలో, మాట ఎప్పుడు దారి తప్పిందో చూడటం ఆ కన్ను పని. అది చేతగాకపోతే ఏమవుతుందో అమెరికాలో హెన్రీ రాబర్ట్ అనే మిలిటరీ ఇంజనీరుకు 1863లో తెలిసింది. న్యూబెడ్‌ఫోర్డ్‌లో ఒక చర్చి సభకు ఆయన్ని అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. సభ అల్లరైపోయింది, ఆయనకు సిగ్గయింది. పదమూడేళ్ళు ఆ సిగ్గును దాచుకుని 1876లో సభా నియమాల మీద పుస్తకం వేశాడు. నియమాలు అచ్చులో ఉన్నంత మాత్రాన సరిపోదని 2020 డిసెంబరులో ఇంగ్లండులో హాండ్‌ఫోర్త్ అనే చోట చిన్న పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగు చూపించింది. అరిచిన వాళ్ళను జాకీ వీవర్ అనే ఉద్యోగిని ఒక్క నొక్కుతో మీటింగు బయటికి పంపింది. ఆమెకు ఆ అధికారం ఉందా లేదా అని ప్రపంచమంతా వాదించుకుంది.

మనకు ఆ నొక్కు లేదు, మైకు ఉంది. మండలం మొత్తానికి ఒక్కటే, తీగ ఉన్నది. బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ మీదుగా, నీళ్ళ సీసాలను పడగొడుతూ, చేతులు మారుతుంటుంది. పుచ్చుకున్నవాడు ముందు దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తాడు. రాబర్ట్ గారి పుస్తకం మొత్తం చేసే పని మన దగ్గర ఆ తీగ పొడుగు చేస్తోంది. చివరి వరసలో కూర్చున్న సర్పంచి దాకా అది చాలదు.

"గౌరవ సభ్యులందరూ": ఇక్కడ కొంచెం ఆగాలి. ఓటున్న సభ్యులు ముఖ్యంగా ఎంపీటీసీలు. సర్పంచులు శాశ్వత ఆహ్వానితులు, మాట్లాడవచ్చు గానీ ఓటు లేదు. పెళ్ళికి పిలిచి, పందిట్లో కూర్చోబెట్టి, విస్తరి వెయ్యకపోవడం అన్నమాట. ఇక సీట్లలో సగం ఆడవాళ్ళవి. వాళ్ళలో కొందరి పక్కన భర్తలు కూడా వచ్చి కూర్చుని, పేరు పిలిస్తే తామే లేచి మాట్లాడతారు. మూలంలో భర్త అనే పదం ఎక్కడా లేదు. మూలంలో లేని పదాన్ని తెచ్చి అన్వయించుకోవడాన్ని వ్యాఖ్యాతలు అధ్యాహారం అంటారు. వాక్యం అర్థం కానప్పుడే అధ్యాహారం చెయ్యాలని నియమం. ఆవిడతోనే వాక్యం పూర్తవుతుంటే ఆయన్ని తేవడం దోషం. కుర్చీ తీసేయడమే పరిహారం.

"హాజరై": అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట. వ్యాకరణంలో దీన్ని క్త్వార్థకం అంటారు, అసమాపక క్రియ. పని ఇంకా అవలేదని వ్యాకరణమే ఒప్పుకుంటోంది. రిజిస్టరులో సంతకం పెట్టి, టిఫిను చేసి, "ఇప్పుడే వస్తా" అని మోటారు సైకిలు తీసే సభ్యుడి విషయంలో ఇది చక్కగా సరిపోయింది. కోరం సంతకంతో లెక్కించాలా, కుర్చీలో మనిషితో లెక్కించాలా అన్నది పెద్ద చర్చ. లోక్‌సభకు కోరం పదో వంతు, అంటే 543 మందిలో 55. అక్కడా గంట మోగించి పిలుచుకోవలసిన రోజులుంటాయి.

మన జిల్లావాళ్ళకు ఈ విద్య కొత్త కాదు. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఇటుక స్తూపాలు చూసే ఉంటారు. అక్కడ ఉన్న బౌద్ధ భిక్షువులు పాటించిన వినయ నియమాల్లో కోరం ఉంది. మామూలు పనికి నలుగురు, కొత్తవాడికి దీక్ష ఇవ్వడానికి పదిమంది. పొలిమేర దేశాలకు మినహాయింపు కూడా ఉంది, అక్కడ అయిదుగురు చాలు. ఉద్దానం వాళ్ళు ఈ మినహాయింపు గుర్తుపెట్టుకోవాలి! తక్కువైన లెక్కను పూరించడానికి వచ్చి కూర్చునేవాడికి గణపూరకుడని బిరుదు. ప్రతిపాదనకు జ్ఞప్తి అని పేరు. పెద్ద విషయమైతే జ్ఞప్తి ఒకసారి, ఆ పైన మూడుసార్లు ప్రకటన. మూడోసారికీ ఎవరూ నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టు.

మన సభలోనూ మౌనం అంగీకారమే. తేడా ఎక్కడంటే, వాళ్ళు మూడుసార్లు విన్నాక మౌనంగా ఉండేవారు. మనం ఒక్కసారీ వినకుండా ఉంటాం. మధ్యాహ్నం రెండు గంటలకు వెనక గదిలో డేకిసా మూత తీస్తారు. ఆ వాసన మందిరంలోకి వచ్చిన క్షణం నుంచి ఏడో అంశం మొదలు పద్దెనిమిదో అంశం దాకా అన్నీ ఏకగ్రీవం.

ఆ పద్దెనిమిది తరవాత మిగిలేది "అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశములు". ఇది ఎజెండాలోని వాక్యమే అయినా ఇక్కడే చెప్పాలి. ఈ ప్రాంతంలో మనుషుల్ని నిద్రపోనివ్వని విషయాలన్నీ ఆ ఇతరములోనే ఉంటాయి. జీడితోటలోకి ఎలుగుబంటి రావడం ఇతరము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరిచెట్ల లెక్కలో పేరు తప్పడం ఇతరము. ఉద్దానంలో కిడ్నీ జబ్బు, తాగునీరు ఎన్నేళ్ళు ఎన్ని సభల్లో ఇతరముగా నలిగాయో! హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్ళు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇతరము ఎజెండా తలకెక్కడానికి అన్నేళ్ళు పట్టింది. ఇతరములను ముందు చర్చించి, శాఖల ప్రగతి నివేదికలను భోజనాల తరవాత చదివించుకుంటే కొంప మునగదు. నిద్రకు మంచిది కూడా.

"జయప్రదము": జయమును ఇచ్చునది. ఎవరికి? మూలము చెప్పదు. ఏ మండలమో నేనూ చెప్పను గానీ ఒక సభలో జరిగింది చెబుతాను. గొట్టా బ్యారేజీ నుంచి వంశధార ఎడమ కాలువ ఇటు టెక్కలి, పలాస వైపు వస్తుంది. పైవాళ్ళు తాగి, నడిమివాళ్ళు తాగి, శివారుకు వచ్చేసరికి నీరు ఉన్నా పూడిక మీద ఎక్కలేదు. ఆ శివారు ఊరి సర్పంచి, పెద్దాయన, మైకు అందకపోతే లేచి నిలబడి అన్నాడు.

"బాబూ, కిందటి మీటింగుల మా కాలువ కాడ పూడిక తీయిత్తామని రాసినారు గదా, ఆ కాయితం ఓపాలి సదవండి."

కాసేపు వెతికి చదివారు: "విషయము చర్చించి, తగు చర్య నిమిత్తము సంబంధిత శాఖకు పంపుటకు సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

"పంపినారేటి?"

"వెళ్ళిందండీ."

"ఎల్లింది సరే, ఎవుల కాడికెల్లింది?"

ఎవరూ మాట్లాడలేదు. ఆయన కూర్చుంటూ, "మా ఊరికి నీరెల్లదు గాని, మా కాయితం మాత్రం బాగా ఎల్తాది," అన్నాడు. అందరూ నవ్వారు, అధ్యక్షులవారు కూడా. నవ్వు అయ్యాక ఇంజనీరు లేచి ఫలానా వారంలో మిషను పంపుతానని తేదీ చెప్పాడు. మూడున్నర గంటల సభలో తేదీ అనేది వినబడింది అదొక్కసారే. మినిట్స్ పుస్తకంలోకి ఆ తేదీ ఎక్కలేదు. "సభ్యులు కాలువ సమస్యను ప్రస్తావించిరి" అని ఎక్కింది. మల్లినాథుడు చూస్తే కలం పారేసేవాడు.

"కోరడమైనది": ఈ పదం మీద ఒక గ్రంథం రాయవచ్చు. కోరింది ఎవరు? కర్త లేడు. కోరిక మాత్రం అయిపోయింది. రాబర్ట్ గారికి చర్చిలో పరువు పోయిన 1863లోనే ఇదే జిల్లాలో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు. జనం మాట్లాడే తెలుగునే రాతలోకి తేవాలని జీవితమంతా పోట్లాడారు. బడి పుస్తకాల్లో గెలిచారు, పత్రికల్లో గెలిచారు. నోటీసు బోర్డు దగ్గర ఓడిపోయారు. ఇది భాషకు సంబంధించిన గొడవే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కాదు. "చర్య తీసుకొనబడును", "పరిశీలించబడును", "తీర్మానించడమైనది" అన్నప్పుడల్లా చెయ్యాల్సిన మనిషి వాక్యంలోంచి లేచి వెళ్ళిపోతున్నాడు. సంతకం పెట్టి మోటారు సైకిలు తీసిన సభ్యుడికంటే ఇతడి గైర్హాజరు పెద్దది. దీనికి కోరం గంట లేదు.

శంక: కర్తను రాసే సభలు ఎక్కడైనా ఉన్నాయా?

సమాధానం: కోటబొమ్మాళిలోనే ఉన్నాయి. కొత్తమ్మతల్లి జాతర ముందు ఏ వీధి మీటింగుకైనా వెళ్ళి చూడండి. పందిరి ఎవరు, లైట్లు ఎవరు, తాగునీటి డ్రమ్ములు ఎవరు, డప్పులవాళ్ళకు బయానా ఎవరు ఇస్తారు, అన్నిటికీ ఎదురుగా మనిషి పేరు. తేదీ అమ్మవారిది గనక వాయిదా లేదు. ఒక్క చెత్త కాగితం, వెనక పక్క చీటీపాట లెక్కలు, అయినా పని జరుగుతుంది.

ఇంకొక శంక: సభ పద్ధతిగా జరిగితే న్యాయం జరిగినట్టేనా?

సమాధానం: కాదు. ఈ జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు గారి "యజ్ఞం" కథలో అప్పు తగువు మీద జరిగిన పంచాయతీని గుర్తు చేసుకోండి. అందరూ పద్ధతిగానే మాట్లాడారు. ఆ తీర్పు ఏ ఇంట్లో ఎలా దిగిందో చదివినవాళ్ళు మరిచిపోలేదు.

తాత్పర్యము

పదిన్నరకు రమ్మనగా పన్నెండుకు వచ్చి, వచ్చినవారిలో ఓటున్నవారు మాట్లాడక, మాట్లాడువారికి ఓటు లేక, మైకు అందినవారికి విషయము అందక, భోజనవేళకు అన్నియు అంగీకరించి, అంగీకరించినది ఎవరు చేయవలెనో రాయక, మరల మూడు నెలలకు ఇదే నోటీసు పంపుదురని కవి హృదయము.

వ్యాఖ్యాత మనవి: 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనుల మీద తీర్మానాలు రాశారు. మీ ఊరి పుస్తకంలోనూ ఆ పేజీ ఉంటుంది. మండల సభలో మీకు కుర్చీ లేకపోవచ్చు గానీ, ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభలో సభ్యులే. ఈసారి డప్పు వినబడినప్పుడు వెళ్ళండి. మొదటి అంశం మొదలెట్టకముందే ఆ పేజీ ఓపాలి చదవమనండి. చదివాక, ఎవుల కాడికెల్లింది అని అడగండి.