కోనారెడ్డి చెరువులో డాల్ఫిన్ల దర్శనం

వర్ధన్నపేటలో వన్య డాల్ఫిన్లను చూడటానికి అనువైన కాలం ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. మిగతా తొమ్మిది నెలలు డాల్ఫిన్లు రామంటాయని కాదు, ఆకేరులో అవి మునిగేన్ని నీళ్లుండవు. పట్టణం వరంగల్–ఖమ్మం రహదారి మీద ఉంది. ఒక దిక్కు ఆకేరు వాగు, మరో దిక్కు కోనారెడ్డి చెరువు. సముద్రం ఏ దిక్కునా లేదు. భూగోళం పాఠాలు ఇదివరకు దీన్నొక లోపంగా చెప్పేవి.

హైదరాబాద్ శివారు కొత్వాల్‌గూడలో బీచ్ కట్టాలన్న నిర్ణయంతో ఆ పాఠాలకు కాలం చెల్లింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 35 ఎకరాల్లో, 225 కోట్ల రూపాయలతో, అలలతో సహా బీచ్ కట్టవచ్చునని రాజధానిలో తేలిపోయింది. తీరం ప్రకృతి ఇచ్చేది కాదనీ, టెండరు పిలిస్తే వచ్చేదనీ ఇప్పుడు స్థిరపడిన శాస్త్రం. తీరం లేని రాష్ట్రం రాజధానికి బీచ్ పోయినప్పుడు జిల్లాకు కనీసం డాల్ఫినైనా రావాలి. వికేంద్రీకరణ అంటే ఇదే. అందుచేత సొంతంగా బోటు మాట్లాడుకుని, ఒక పూర్తి రోజు కోనారెడ్డి చెరువులో గడిపి డాల్ఫిన్లను చూసి రాదలచిన కుటుంబాలకు కావలసిన వివరాలు ఇక్కడ వరుసగా ఉన్నాయి.

మొదటిది డాల్ఫిన్ ఎంపిక. తెలుగువారికి బాగా తెలిసిన డాల్ఫిన్ విశాఖపట్నంలో ఉంది. అది కొండ. అందులోనూ మన వాటాకు ముక్కు ఒక్కటే వచ్చింది, తక్కిన శరీరం ఎవరికి పోయిందో విభజన చట్టంలో లేదు. ప్రాణమున్న రకం చూడాలంటే తెలుగు యాత్రికులు ఇన్నాళ్లూ ఒడిశాలోని చిలికా సరస్సుకు పోయేవారు. సాతపడా రేవులో బోటెక్కితే ఇరావడి డాల్ఫిన్లు కనిపిస్తాయి. గుండ్రని తల, పొడుచుకు రాని మూతి. నిండు వానాకాలంలో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటే ఆ సరస్సులో అవి నూటయాభై దాకా ఉంటాయి. మూడో రకం గంగా డాల్ఫిన్. 2009లో దీన్ని జాతీయ జలచరంగా ఎంపిక చేశారు. 2025 మార్చిలో విడుదలైన కేంద్ర ప్రభుత్వ గణన ప్రకారం దేశంలో నదీ డాల్ఫిన్లు 6,327. ఇందులో తెలంగాణ వాటా సున్నా. ఎవరూ వచ్చి లెక్కపెట్టలేదు కనుక దాన్ని లేమిగా భావించనక్కర్లేదు.

వర్ధన్నపేట వాతావరణానికి గంగా డాల్ఫిన్ అన్నివిధాలా తగినది. దానికి చూపు దాదాపు లేదు. బురద నీళ్లలో కళ్లతో పనిలేక, శబ్దం పంపి, అది దేనికి తగిలి తిరిగివచ్చిందో విని, దారి తెలుసుకుంటుంది. ముందు శబ్దం చేయడం, ఆ తరువాత దారి వెతుక్కోవడం మన పర్యాటక ప్రకటనల పద్ధతి కూడా. డాల్ఫిన్ మాత్రం జవాబు వినేదాకా ఆగుతుంది.

ఎక్కడి నుంచైనా పట్టి తెచ్చి చెరువులో వదిలితే సరిపోతుంది కదా అని కొందరు ఉత్సాహపడవచ్చు. కుదరదు. వినోదం కోసం డాల్ఫిన్లను బంధించి ఆడించే కేంద్రాలకు అనుమతులు ఇవ్వవద్దని కేంద్ర పర్యావరణ శాఖ 2013లోనే రాష్ట్రాలకు చెప్పింది. అవి తెలివైన జీవులనీ, మనిషి కాని వ్యక్తులుగా చూడదగినవనీ ఆ సందర్భంలోనే పేర్కొంది. మనిషైన వ్యక్తుల విషయంలో అలాంటి సర్క్యులర్ కోసం జనం ఇంకా ఎదురుచూస్తున్నారు. కనుక కోనారెడ్డి చెరువుకు వచ్చే డాల్ఫిన్ తన ఇష్టంతో, తన ఖర్చుతో రావాలి.

దారి ఉంది. బంగాళాఖాతంలో బయలుదేరిన డాల్ఫిన్ హంసలదీవి దగ్గర కృష్ణలోకి మళ్లాలి. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ అడ్డొస్తుంది. గేట్లెత్తే రోజు దాకా అక్కడ ఆగి, సందు దొరకగానే ఎదురెక్కాలి. నందిగామ ప్రాంతంలో కృష్ణలో కలిసే మున్నేరును పట్టుకుని, పోలంపల్లి ఆనకట్టను దుంకి, ఖమ్మం దాటాలి. తీర్థాల దగ్గర ఆకేరు వచ్చి కలుస్తుంది, ఎడమ చేతి వైపు తిరగాలి. ఇక్కడ చాలా డాల్ఫిన్లు పొరబడి మున్నేరులోనే నేరుగా పోతాయి గనుక పర్యాటక శాఖ ఒక బోర్డు పెట్టడం మంచిది, గంగా రకానికైతే బోర్డు చదివి వినిపించే మనిషిని కూడా. అక్కడి నుంచి మహబూబాబాద్ జిల్లా మీదుగా వర్ధన్నపేట దాకా దారి సాఫీగా ఉంటుంది. ఇసుక తోడిన గుంతలు మాత్రం చూసుకోవాలి. ఎండాకాలంలో ఆకేరులో నడిచే ఏకైక వాహనం ట్రాక్టరు. అది రాత్రిపూట లైట్లు ఆర్పుకుని తిరుగుతుంది. డాల్ఫిన్ పక్కకు తప్పుకోవడమే క్షేమం. ట్రాక్టరును ఆపడం తహసీల్దార్లకే సాధ్యం కాలేదు.

ఇంత ప్రయాణం జంతువుకు కష్టమనుకుంటే రెండో పద్ధతి డాల్ఫిన్ పిల్లల పంపిణీ. రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేప పిల్లలనిచ్చే పథకం 2016లో మొదలైంది. బొచ్చె, రవ్వు, బంగారుతీగ వచ్చినట్టే వ్యానులో డాల్ఫిన్ పిల్లలూ వస్తాయి. లెక్క కాగితం మీద ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది. నీళ్లలోకి ఎన్ని చేరాయో మత్స్య సహకార సంఘం వాళ్లనడిగితే నవ్వుతారు. వానలు జూన్‌లో పడితే పిల్లలు ఏ అక్టోబరుకో వచ్చే ఆనవాయితీ వీటికీ వర్తిస్తుంది. అవి పెరిగేలోపు చెరువు ఎండుతుంది. అయితే డాల్ఫిన్ చేప కాదు, పాలిచ్చి పిల్లల్ని పెంచే జంతువు, గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు. కనుక అది ఏ శాఖ కిందికి వస్తుందన్న ప్రశ్న పుడుతుంది. నీళ్లలో ఉంది గనుక మత్స్యశాఖ, పాలిస్తుంది గనుక పశుసంవర్ధక శాఖ, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది గనుక అటవీశాఖ, చెరువు నీటిపారుదల శాఖది, శిఖం భూమి రెవెన్యూది, కట్ట మీద చెత్త మున్సిపాలిటీది. ఫైలు ఈ ఆరు చోట్లా తిరిగి వచ్చేదాకా డాల్ఫిన్ ఊపిరి బిగబట్టుకోవాలి. ఆ జాతి మొత్తంలో అంతసేపు బిగబట్టగలది ఏదీ లేదు.

ఇక బోటు. సొంతంగా మాట్లాడుకునే బోటుకు వర్ధన్నపేట చుట్టుపక్కల మూడు తరగతులున్నాయి. మొదటిది లారీ ట్యూబు. రెండోది థర్మాకోల్ ముక్కలను సంచిలో కుట్టి చేసిన తెప్ప. మూడోది, బాగా కలిగినవాళ్లకు, పుట్టి. ఈ మూడింటి మీదే ముదిరాజులు, బెస్తలు వలలు వేసి బతుకుతున్నారు. ఏ నౌకా నిర్మాణ కేంద్రం ధ్రువీకరణా వీటికి లేదు. ఇంజన్ లేనందువల్ల డాల్ఫిన్లకు ఇవి అత్యంత అనుకూలం. చిలికాలో మోటారు బోట్ల రెక్కలు తగిలి డాల్ఫిన్లు గాయపడటం ఏనాటినుంచో ఉన్న బెడద. అమెరికాలో సముద్ర శాఖ వారు డాల్ఫిన్‌కు 50 గజాల దూరంలో ఉండాలనీ, అరగంటకు మించి వెంట ఉండరాదనీ సూచిస్తారు. ఎదురుగా పోకూడదు, చుట్టుముట్టకూడదు, తల్లీపిల్లల మధ్యకు దూరకూడదు, తిండి వేయకూడదు. మన చెరువుల్లో మిగతావన్నీ పాటించవచ్చుగానీ 50 గజాల నియమం కష్టం. శిఖంలో ప్లాట్లు వెలిసి కుదించుకుపోయిన చాలా చెరువుల్లో డాల్ఫిన్‌కు 50 గజాలు వెనక్కి జరిగితే బోటు ఎవరి వరండాలోనో ఆగుతుంది. మిషన్ కాకతీయ కింద 46 వేలకు పైగా చెరువులు బాగు చేయాలని 2015లో పని మొదలైంది. పూడిక లోతుకు తీశారు. అంచులు కొలిచి రాళ్లు పాతడం దగ్గర మాత్రం చేతులు వణికాయి.

కాలపట్టిక ఇలా ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి బస్టాండు దగ్గర కలవాలి. ఆరింటికి కట్ట మీదికి చేరాలి, గాలి లేవకముందు నీళ్లు నిలకడగా ఉన్నప్పుడే వీపు రెక్క తేలిగ్గా కనబడుతుంది. తూము దగ్గర మొదలుపెట్టి మత్తడి దాకా నెమ్మదిగా తెప్ప తోయాలి. గుర్రపుడెక్క కదిలిన ప్రతిసారీ డాల్ఫిన్ అని అరవరాదు, అది చాలావరకు బర్రె. మధ్యాహ్నం గట్టు మీద భోజనం. సర్వపిండి, కాల్చిన మక్కకంకులు, ఎవరి శక్తి కొద్దీ మిగతావి. మూడింటి నుంచి ఆరింటి వరకు మళ్లీ వెతకడం. యాత్రను పూర్తి రోజు పెట్టుకోమని చెప్పడానికి కారణముంది. సగం రోజు తిరిగి ఏమీ కనబడకపోతే మోసపోయామంటారు, రోజంతా తిరిగి ఏమీ కనబడకపోతే ప్రకృతితో గడిపామంటారు.

సెప్టెంబరులో రావాలనుకునేవారు వినాయక నిమజ్జనం తేదీలు చూసుకోవాలి. డీజే పెట్టెల మోతకు శబ్దంతో దారి వెతికే జంతువు ఏ గణపతి ఒడిలోకి దూరుతుందో చెప్పలేం. బతుకమ్మ రోజుల్లో ఇబ్బంది లేదు. తంగేడు, గునుగు పూలకు డాల్ఫిన్ హాని చేసినట్టు ఎక్కడా నమోదు కాలేదు.

మిగిలింది రక్షణ. ఇది రాయడానికి ఊహతో పనిలేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి 14 మంది అందులో ఉన్నారు. వాళ్లలో ఐదుగురే బతికి వచ్చారు. మునిగిన బోటును అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు, తీసింది కాకినాడ నుంచి వచ్చిన ఒక ప్రైవేటు బృందం. దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కృష్ణా పవిత్ర సంగమం దగ్గర బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు. ఆ బోటుకు అనుమతి లేదు. 2024 జనవరి 18న వడోదరలో, నది కూడా కాదు, ఊరి చెరువులో, బడిపిల్లలు పన్నెండు మందీ ఇద్దరు టీచర్లూ మునిగిపోయారు. చాలామంది పిల్లల ఒంటి మీద లైఫ్‌జాకెట్ లేదు. ప్రతిసారీ విచారణ, ప్రతిసారీ పరిహారం. ఆ తరువాత బోటు యజమాని పేరు మారుతుంది, బోటు మారదు.

బోటు విహారం పెట్టినచోట ఇలా ఉంది. బోటు అక్కర పడినచోట బోటే లేదు. 2024 సెప్టెంబరు 1న వర్ధన్నపేట పక్క నుంచి పోయే ఈ ఆకేరే మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కారు. అదే నీరు మున్నేరులో కలిసి ఖమ్మం మీద పడింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది గంటల తరబడి చిక్కుకున్నారు. వాతావరణం బాగాలేదని హెలికాప్టర్ రాలేదు. వరదకు ఎదురెళ్లగల బోటు లేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవర్, ఎవరి ఆర్డరూ లేకుండా, తన ప్రాణాన్ని పణంగా పెట్టి వంతెన మీదికి బండి తోలి వాళ్లను తెచ్చాడు.  ఒక నగరంలో, ప్రభుత్వం దగ్గర, ఆ వరదలో పనికొచ్చే బోటు ఒక్కటి లేకపోయింది. ఈ సిగ్గు కడుక్కోకుండా ఇప్పుడు అలల యంత్రం గురించి మాట్లాడుతున్నారు.

బీచ్ పైసలు ప్రైవేటువే కదా అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. భూమి ప్రైవేటుది కాదు. ఆ ఫైలు కదపడానికి వెచ్చించిన అధికారుల సమయమూ ప్రైవేటుది కాదు. అందులో ఒక వారం తీసి ఆకేరు, మున్నేరు ఒడ్డు ఊళ్లకు వానాకాలానికి ముందే బోట్లు, లైఫ్‌జాకెట్లు చేర్చవచ్చు. నీళ్లలో పుట్టి పెరిగిన బెస్త పిల్లలను జీతమిచ్చి వాటి మీద పెట్టవచ్చు. కడిపికొండ ఇళ్లలో ఫొటోలకు దండలేసి ఇన్నేళ్లయింది. రాష్ట్రంలో నడిచే ప్రతి విహార బోటు లైసెన్సు, అందులో ఎక్కదగిన మనుషుల సంఖ్య, ఆఖరి తనిఖీ తేదీ రేవులో బోర్డు మీద రాసి పెట్టడానికి ఏ బడ్జెటూ అక్కర్లేదు. ఒక సుద్దముక్క చాలు.