తెల్లబిళ్ల ఆత్మకథ

ఖగోళజ్ఞుడును మతగురువును అగు ఆంజెలో సెక్కీ అను ఇటలీ దేశస్థుడు 1865లో పోపుగారి నౌకమీదనుండి మధ్యధరా సముద్రములోనికి తెల్లని బిళ్లలను త్రాటితో దించి, అవి యెంతలోతున కంటికి మరుగగునో కొలిచి చూచెను, నేనా వంశమువాడను. నా పుట్టుక చెప్పదగినంతటిది కాదు. అడుగు వెడల్పుగల గుండ్రని యినుపరేకు, రెండుపూతల తెల్లరంగు, క్రింద సీసపుగుండు, మీద మీటరుకొక ముడివేసిన త్రాడు.

నా యౌవనము వాల్తేరు సముద్రమున గడచినది. ఆ దినములలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులగు గణపతిగారి శిష్యులు కంటికానని శైవలములను లెక్కించుచుండిరి. అమెరికానుండి వచ్చిన లాఫాండు పండితుడు అడుగునీరు పైకుబుకు విధమును పరిశీలించుచుండెను. మాఘము దాటి గాలి నైరృతినుండి వీవదొడగినంతనే మీదినీరు తీరమును వీడి తొలగుటయు, పోషకలవణములతో గూడిన చల్లనినీరు అడుగునుండి లేచుటయు, శైవలములు కోట్లకొలది పెరిగి నీటిరంగు మార్చుటయు, నేను నాలుగుబారలలోనే మాయమగుటయు ఏటేట జరుగుచుండెడివి. వానకాలము వెళ్లిన పిమ్మట మరల నొకసారి, కొంచెము తక్కువగా. మొదటియేడు దానిని వింత యనుకొంటిమి. పుస్తకములు కొన్ని నిండిన పిమ్మటగాని ఋతుధర్మమని తెలియలేదు. ఏది ఋతుధర్మమో యెరుగనివానికి ఏది విపరీతమో తెలియుట యెట్లు?

రంగుమారిన నీరెల్ల విషము కాదు. విషముగల నీరు రంగు మారకయే యుండుటయు కలదు. ఈ విషయమున నా అసమర్థతను దాచను. బురదకును నాచునకును, మంచినాచునకును విషపునాచునకును భేదము నాకు తెలియదు. అందులకు సూక్ష్మదర్శినియే కావలెను. (ఆ దొరసానికి అద్దపుబీరువా, మెత్తని గుడ్డ, నాకు గోడమేకు.) 1908లో మలబారు తీరమున చేపలు చచ్చి కొట్టుకొనివచ్చినప్పుడు జేమ్స్ హార్నెల్ దొర కారణమును సూక్ష్మజీవులలో వెదకెను. 1981లో తమిళనాట గుల్లల మాంసము తిన్నవారు 85 మంది ఆసుపత్రి పాలైరి, ముగ్గురు మరణించిరి. నాచునుండి గుల్లలో చేరిన ఆ విషము గుల్లను చంపదు, ఉడికించినను చావదు, తిన్నవాని నరములను మాత్రము స్తంభింపజేయును.

పడవమీద నన్ను దించుచుండిన యువకుడు తరువాత మదనపల్లె ప్రాంతమున అయ్యవారై, వాడుక తప్పియున్న నన్ను అడిగి తెచ్చుకొనెను. సముద్రపు బిళ్లకు చెరువు పని! మొదట చిన్నతనముగా తోచినమాట నిజము. కాని పుంగనూరు చెంతనున్న యొక చెరువున, ఊరిమురుగును పొలములనుండి జారిన ఎరువును చేరగా, వేసవియెండకు పెరిగిన నీలిహరిత శైవలములు తమలోని గాలితిత్తుల బలమున తెల్లవారుసరికి పైకితేలి పచ్చని మీగడవలె పేరుకొనెడివి. నేను జానెడు లోతుననే మాయమగుదును. అవి చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి, వేకువను చేపలు వెలికిలబడి తేలెడివి. నీరు త్రాగవచ్చిన పొట్టి పుంగనూరు ఆవును అయ్యవారు పంచె ఎగగట్టి తరుముట నేనెరుగుదును. ఆ నాచున కాలేయమును చెరచు విషముండునని ఆవునకు చెప్పజాలము సరే, ఆవుగలవాడును వినడాయె.

అయ్యవారు ఉద్యోగము విరమించుటయే తడవు, నా పని యాగిపోయినది. పిమ్మట వచ్చినవారు నన్ను త్రిప్పిచూచి "ఈ మూత దేనిది?" అనిరి. విరిగిన బల్లలక్రింద నన్ను త్రోసిరి. అచట ఎలుకలు నా త్రాటిని ముడిముడిగా కొరికినవి. నాకు ముడి పోవుట యన కొలత పోవుటయే. నా పక్కనే అయ్యవారి పుస్తకములు పడియుండెను: తేది, ఎండ, గాలి, మాయమైన లోతు, పైకి లాగగా మరల కనబడిన లోతు. మురికిచేతులతో వాటినెవరును తాకలేదు, కడిగిన చేతులతోను తాకలేదు. ఒకనాడు పాతసామానుల వేలమున నన్ను ఇనుముధరకును, వాటిని కాగితపుధరకును, అనగా నాకంటె చవుకగా, అమ్మివేసిరి. అవి వేరుశనగకాయల పొట్లములైనవి. ఒక చైత్రమాసపు పుట చుట్టబడి, కాయలు నింపుకొని సంతలో చేతులు మారుట నేను కన్నులార చూచితిని.

ఇప్పుడు కుప్పములో టీ అంగడియందు నీళ్లడ్రమ్మునకు మూతనై యున్నాను. నీటి లోపలిని చూపుటకు పుట్టినవానికి నీటిని కప్పు ఉద్యోగము. ఈ సీమగుండ పోవు పాలారు వాయలూరువద్ద సముద్రమున కలియునని విని కొన్నాళ్లు సంతోషించితిని. కాని ఆ యేరు పారిననాడు గదా! 2019 ఆగస్టులో చెన్నై అలలు రాత్రివేళ నీలముగా వెలిగినప్పుడు అంగడికి వచ్చినవారందరు ఫోనులలో ఆ బొమ్మలు చూచి మురిసిరి. ఆ వెలుగు నాక్టిల్యూకా అను సూక్ష్మజీవిది. దాని పచ్చరకము 2000 తరువాత ఉత్తర అరేబియా సముద్రమున చలికాలములందు పెచ్చుపెరిగి, పూర్వమచట నెలకొన్న డయాటములను శైవలములను వెనుకకు నెట్టినది. ఈ సంగతి ఏండ్లతరబడి కొలిచినవారివలన తెలిసినదేగాని ఒకనాటి రాత్రి తీసిన ఫోటోవలన కాదు.

మొన్న మదనపల్లె టమోటాల లారీ ఆపి దిగిన పుంగనూరు డ్రైవరు, టీ ఊదుకొనుచు, "మా చెరువు మళ్లా పచ్చబడిందన్నా, ఒకటే గబ్బు కొడ్తా ఉండాది" అనెను.

"పోయినేడు గూడా ఇట్లే అయ్యిందా?" అని అంగడివాడడిగెను.

"అయినట్టే ఉండాది. ఉగాదికి ముందో, ఎనకో... ఎవురికి గుర్తుంటాదిలే!"

ఉగాదికి ముందో, ఎనకో యట! ముడుల లెక్కన కొలిచిన నా యెదుట, ఈ మాట!