పాత నాణేనికి ధర కట్టడం: ఏడు సులువైన చిట్కాలు

అటక మీది ఇత్తడి బిందెలో పాత నాణెం దొరికిందా? రాజీనామా కాగితం రాసిపెట్టుకుని ఇవి చదవండి.

1. ముందు తోమండి. చింతపండు, ఉప్పు, కొబ్బరిపీచు, ఆపైన పీతాంబరి. పాత పొర పోతే ధర పోతుందని నాణేలు సేకరించేవాళ్లు గోల పెడతారు. వినకండి. రాజుగారి ముక్కూ చెవీ ఏకమయ్యేదాకా రుద్దండి.

2. సంవత్సరం దగ్గర పట్టుదలకు పోకండి. ఆరవ జార్జి వెండి రూపాయల్లో 1939వి అరుదు. 1940 నుంచి వచ్చినవాటిలో వెండి సగమే, పైగా అవి కొల్లలు. మీది 1944దా? ఐదేళ్లే కదా తేడా, అదే ధర చెప్పండి.

3. భూతద్దం కొనకండి, డబ్బు దండగ. స్వతంత్ర భారత నాణెమైతే సంవత్సరం కింద నక్షత్రం హైదరాబాద్ టంకశాలది, వజ్రం ముంబైది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేదా? "అచ్చు తప్పిన నాణెం, ప్రపంచంలో ఇదొక్కటే" అని ప్రకటించండి. కోల్‌కతా వాళ్లు గుర్తు వెయ్యరన్న సంగతి మీ నోటితో చెప్పకండి.

4. ఎంతకు అమ్ముడయిందో చూడకండి, ఎంత అడిగారో చూడండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు ఎవరైనా పది లక్షలు అడిగితే మీరు పదకొండు అడగండి. వాళ్లదీ అమ్ముడవలేదన్నది మీకు అనవసరం.

5. "రిజర్వ్ బ్యాంకు నుంచి" అంటూ ఫోన్ వస్తే అడిగిన ఫీజు వెంటనే కట్టండి. పాత నాణేల పేరిట తమ తరఫున ఎవరూ ఫీజు, కమీషన్ వసూలు చెయ్యరని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. మీకు మాత్రం మినహాయింపు ఇచ్చి ఉంటారు.

6. పొలం దున్నుతుంటే లంకెబిందె తగిలిందా? పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. కాబట్టి మీ బిందె విలువ తొమ్మిది రూపాయల ముప్పావలా అని మీరే తేల్చేయండి. సాయంత్రం టీకొట్టు దగ్గర మాత్రం కోటి అనండి. పోలీసులు వస్తే మొదటి లెక్క చెప్పండి.

7. ఇంకా ధర పెరగాలంటే "రైస్ పుల్లింగ్" ఉండనే ఉంది. నాణెం బియ్యపు గింజల్ని లాగుతోందని చూపించేవాడికి అడ్వాన్స్ ఇవ్వండి. గింజలకు ఇనుపరజను పట్టించారేమోనని అనుమానపడకండి, బేరం చెడుతుంది.

ఇంత చేసినా కొనేవాడు రాకపోతే దిగులు వద్దు. బావమరిదికి బాకీ ఉన్న ఇరవై వేల కింద ఆ నాణెం ఇచ్చేయండి. పదకొండు లక్షల సరుకు కదా, మిగతా చిల్లర అడిగి తీసుకోండి.