కనికట్టు చాలదట!

ఇరవై ఏళ్లు అద్దం ముందు నిలబడి వేళ్లు అరగదీసుకున్న మెజీషియన్‌కి ఓ రాత్రి ఉన్నట్టుండి వైరాగ్యం పుడుతుంది. ఛీ, ఇదంతా కనికట్టే కదా, అసలు మాయ ఎక్కడుందో వెతుకుదాం పద అంటాడు. చిన్న బడ్జెట్ దెయ్యాల సినిమాకు ఇంతకన్నా చవకైన కథ దొరకదు. చివికిపోయిన పుస్తకం ఒకటి, అరడజను కొవ్వొత్తులు, మినుకుమినుకుమనే బల్బు, అద్దెకు తెచ్చిన పొగ మిషను. అసలు మాయ సిద్ధం!

ఈ బాపతులో కాస్త కలిగినింటి బిడ్డ, 1995లో క్లైవ్ బార్కర్ తీసిన ‘లార్డ్ ఆఫ్ ఇల్యూజన్స్’. ఖర్చు దాదాపు కోటీ పది లక్షల డాలర్లు. హాలీవుడ్‌లో అది చిల్లర కింద లెక్క. అందులో స్వాన్ అనే స్టేజీ మెజీషియన్‌కి నిజంగానే మంత్రశక్తి ఉంటుంది. దాన్ని ట్రిక్కని చెప్పి టికెట్లు అమ్ముకుంటాడు. ట్రిక్కును మంత్రశక్తని చెప్పి అమ్ముకునే స్వాములను చూసి చూసి ఉన్న కళ్లకు ఈ వినయం కొత్తగానే ఉంటుంది.

నిజానికి కొత్తేమీ కాదు. సంకెళ్లు విడిపించుకునే హుడీనీ ‘ఇవన్నీ కిటుకులే మహాప్రభో’ అని బతికినన్నాళ్లూ మొత్తుకున్నా కోనన్ డాయిల్ చెవికెక్కలేదు. హుడీనీకి అతీంద్రియ శక్తులు ఉండి ఉండాలని 1930లో పుస్తకంలో వాదించాడు. కాదనడానికి హుడీనీ లేడు, పోయి అప్పటికి నాలుగేళ్లు. పొగాకు బూడిద చూసి అది ఏ రకమో చెప్పే షెర్లాక్ హోమ్స్‌ను కన్న బుర్ర అది!

అతీంద్రియ శక్తిని పరీక్షకు నిలబడి నిరూపిస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని మెజీషియన్ జేమ్స్ రాండీ సంస్థ ఏళ్ల తరబడి చాటింది. 2015లో ఆ పందెం ముగిసేదాకా ఒక్కరూ పట్టుకుపోలేదు. పొగ మిషను తెచ్చుకోనివ్వలేదు కాబోలు.

మంత్రాలతో నాకు పేచీ లేదు. ట్రిక్కును చులకన చేసిన నోటితోనే ఇంకా నాసిరకం ట్రిక్కు చూపించి, ఇదే అసలు మాయ అనడం దగ్గరే ఒళ్లు మండుతుంది. ఇంటర్వెల్‌కు ముందు నాణెం మాయం కావాలంటే పది వేళ్లూ పనిచేయాలి. ఇంటర్వెల్ తర్వాత నిలువెత్తు మనిషి మాయం కావడానికి ఎడిటర్ కత్తెర చాలు.

ఆ కత్తెరనూ మర్యాదగా వాడినవాళ్లున్నారు. పారిస్‌లో రాబర్ట్ హుడిన్ పేరిట ఉన్న థియేటర్ నడిపిన మెజీషియన్ జార్జ్ మెలియెస్ 1896లోనే కెమెరా ఆపి, కుర్చీలోని మహిళను తప్పించి, మళ్లీ తిప్పి ఆమెను మాయం చేశాడు. సినిమా పేరులోనే తన థియేటర్ పేరు పెట్టుకున్నాడు, ఇది స్టేజీ విద్యేనని దాచకుండా. మన విఠలాచార్యనే చూడండి. ‘జగన్మోహిని’లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్లు పెట్టింది. తత్వం మాట్లాడలేదు, వంట చేసింది! పేచీ పెట్టిన నటుణ్ని తర్వాతి సీనుకల్లా చిలకగానో మేకగానో మార్చేసేవాడని ఆయన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బడ్జెట్ కష్టాలకు అంతకు మించిన మంత్రం ఏ తాళపత్రంలోనూ ఉండదు.

అసలు మాయ వెతకబోయే నిర్మాతలకు ఒక్క మనవి. ఆ పొగ మిషను అద్దె డబ్బులు మొదటి రీలులో నాణెం మాయం చేసిన ఆ మెజీషియన్ చేతిలో పెట్టి, ఇంకో పది నిమిషాలు చేయమనండి.