పదో తరగతి దాకానే ఈ ఐదుగురు

బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు తరఫున ఒకేసారి ఆడేది ఐదుగురే. ఆ ఐదుగుర్ని ఏరడానికి మా ప్రొద్దుటూరు పిల్లోళ్లు ఇప్పుడు పడే తంటాలు చూస్తే, ఎలక్షన్లప్పుడు టికెట్లు పంచేవాళ్లు కూడా ఇంత తల బద్దలు కొట్టుకోరేమో అనిపిస్తుంది. నా మనవడు ఫోన్లో ఒక పట్టిక రాసుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లోళ్ల పేర్లు, ఎవడి ఎత్తు ఎంత, చేతులు చాపితే ఎంత, నిలబడి ఎంత ఎగురుతాడు, అన్నీ అంకెలే. "ఇంకో మూడేండ్లకు మన స్టార్టింగ్ ఫైవ్ ఇదే జేజినాయనా" అంటాడు. మూడేండ్లకు వీళ్లలో ఊర్లో మిగిలేది ఎవడ్రా అని అడిగితే మాత్రం మాట మారుస్తాడు.

మా రోజుల్లో పట్టికల్లేవు. డ్రిల్లు మాస్టరుండేవాడు. మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికా ఆయన 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల పెట్టినాడు. ఈ ఆట మన పక్క బళ్లకు పాకింది ఎక్కువగా అక్కడ చదివినవాళ్ల వల్ల, వాళ్ల శిష్యుల వల్ల. మా సారు ఆ శిష్యుల్లో ఒకడు. కొత్త పిల్లోడు గ్రౌండుకొస్తే ముందు కాళ్ల పక్క చూసేవాడు. పాదం పెద్దదైతే వీడింకా పెరుగుతాడని లెక్క. తర్వాత అడిగే ప్రశ్న ఒకటే: "మీ మేనమామ ఎంత పొడుగురా?" నాయన ఎత్తు ఆయనకు పట్టదు. మేనమామ పోలికే వస్తుందని ఆయన నమ్మకం. డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో గానీ, ఆయన ఏరిన పివట్లలో పొట్టిగా మిగిలిపోయినోళ్లు తక్కువే.

పివట్ అంటే ఇప్పటోళ్లకు అర్థం కాదు, సెంటర్ అనాలంట.

కోర్టు సంగతి చెప్పకపోతే మా ఆట ఎట్లాంటిదో తెలియదు. మాది రేగడి నేల. ఎండాకాలంలో నెర్రెలు, నాలుగు చినుకులు పడితే బంక. దాని మీద బంతి లేవదు. గరుసు తోలించి, నీళ్లు చల్లి, పిల్లోళ్లమే రోలరు లాగి, సున్నంతో గీతలు పోసేవాళ్లం. నాపరాళ్ల జిల్లా కదా అని ఒకచోట బండలు పరిచి చూసినారు. అతుకు మీద పడిన బంతి ఎటు పోతుందో దేవునిక్కూడా తెలియదు. కానీ ఆ నేల మీద డ్రిబ్లింగ్ నేర్చుకున్నోడు ఎక్కడైనా ఆడగలడు. ఈ పొద్దు సిమెంటు కోర్టులున్నాయి, బూట్లున్నాయి, ఎడమ చేత్తో లే-అప్ మాత్రం లేదు. అందరూ ఆమడ దూరం నుంచే వేస్తారు. మూడు పాయింట్ల గీతను అంతర్జాతీయ ఆటలోకి 1984లో తెచ్చినారు, 2010లో దాన్ని 6.75 మీటర్లకు జరిపినారు. జరిపింది కష్టం కావాలనే గదా? మావాళ్లు దాన్ని ఆహ్వానమనుకున్నారు. రింగు కింద ఒక్కడూ ఉండడు, తప్పిన బంతిని పట్టేదెవరు?

అయినా నా అసలు కోపం షాట్ల మీద కాదు. మా ఐదుగురం ఎనిమిదో తరగతిలో కలిసినాం. పది పాసై ఊర్లోని జూనియర్ కాలేజీలో చేరినాం. సాయంత్రమయితే మళ్లీ అదే గ్రౌండు. ఎవడు ఏ పక్కకు తిరుగుతాడో చూడకుండానే బంతి ఇచ్చేవాళ్లం. మాలో ఒకడు ఎనిమిదిలో అందరికన్నా పొట్టి, గార్డుగా ఆడేవాడు. ఇంటర్‌కొచ్చేసరికి అందర్నీ మించి పెరిగినాడు. గార్డు పనులన్నీ తెలిసిన పివట్ తయారయినాడు. వాడిని మొదటి రోజే టేపుతో కొలిచి ఉంటే ఇంటికి పంపేసి ఉండేవాళ్లు. ముద్దనూరు, తొండూరు మీదుగా బస్సులో పోయి పులివెందులతో ఆడేవాళ్లం. వాళ్లు గెలిచినా చీనీకాయలు పెట్టేవాళ్లు, ఓడినా పెట్టేవాళ్లు. జమ్మలమడుగులో ఆడితే మాత్రం మోచేతులు పడేవి. వేలు మడత పడితే క్యాంబెల్ ఆసుపత్రి దగ్గర్లోనే ఉండేది. ఆ ఊరి ఐదుగురూ ఏండ్ల తరబడి మారలేదు. ఎవడు ఎట్లా తోస్తాడో మాకు కంఠతా వచ్చు.

ఇప్పుడు అండర్-14, అండర్-17, అండర్-19 అని స్కూల్ గేమ్స్ సెలక్షన్లు. మండలం, డివిజన్, జిల్లా, రాష్ట్రం, మెట్లు బాగానే కట్టినారు. ఏటా కొత్త జాబితా. ఒక పూటలో వరుసగా నిలబెట్టి, కాసేపు ఆడించి ఏరేస్తారు. ప్రొద్దుటూరోడు ఇద్దరు, జమ్మలమడుగోడు ఇద్దరు, పులివెందులోడు ఒకడు. ఒకడి పేరు ఇంకొకడికి తెలిసేలోపల టోర్నమెంటు అయిపోతుంది. ఎత్తున్నోడిని రింగు కింద నిలబెట్టి చేతులెత్తమంటారు, వాడికి బంతి నేలకు కొట్టడం ఎవరూ నేర్పరు. కడపలో క్రీడా పాఠశాల ఉంది. చిన్నప్పుడే అక్కడ సీటు దొరికిన పిల్లోడి దారి వేరు. దొరకనోడికి ఈ పూట సెలక్షనే గతి. ఆడపిల్లలు నిక్కర్లేసుకొని ఆడుతున్నారని మాత్రం నేను గొణగను. మా కాలంలో వాళ్లను గ్రౌండు గేటు దాటనివ్వలేదు, అది మా తప్పే.

పోనీ సర్కారు వారి ఉత్సాహమా? 2023 డిసెంబర్‌లో ‘ఆడుదాం ఆంధ్రా’ అని ఊరూరా ఆటలు పెట్టినారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ఐదు ఆటలుండి కూడా ఐదుగురాడే ఆటకు చోటు లేదు.

దీనికి మనవడి జవాబు అమెరికా. ఓక్లహోమా సిటీ థండర్ అని ఒక జట్టుందంట. 2019లో పాల్ జార్జ్ అనే పెద్ద ఆటగాడిని వదులుకొని, షే గిల్జస్ అలెగ్జాండర్ అనే కుర్రోడిని, దాంతో పాటు మున్ముందు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కుల్ని మూటగా తెచ్చుకున్నారు. 2021-22లో 82 మ్యాచుల్లో గెలిచింది 24. ఆ హక్కుల్లో ఒకదానితో 2022లో జేలెన్ విలియమ్స్‌ను తెచ్చినారు. అదే ఏడాది చెట్ హోమ్‌గ్రెన్‌ను తెస్తే అతను పాదం దెబ్బతో మొదటి సీజనంతా కూర్చున్నాడు. లూ డార్ట్‌ను కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఆ డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు, వీళ్లు పిలిచి పెట్టుకున్నారు. 2024-25లో 68 గెలిచి, జూన్‌లో ఇండియానాను ఏడో మ్యాచులో ఓడించి కప్పు పట్టుకున్నారు. "చూసినావా, ప్లానింగ్ అంటే ఇదీ" అన్నాడు.

చూసినాను నాయనా. అందులో నాకు కనిపించింది ప్లానింగ్ కాదు, ఓర్పు. ఓడిపోతావున్నా పిల్లోళ్లను చెదరగొట్టలేదు. కాలు విరిగినోడిని పంపేయలేదు, అందరూ వద్దనుకున్నోడిని ఉంచుకున్నారు. మా సారు చేసిందీ అదే, కాకపోతే ఆయన జీతంలో నుంచే బంతికి బ్లాడరు కొనేవాడు. మంచి కుర్రోళ్లు ముందుగా దొరకాలని అక్కడ కొన్ని జట్లు కావాలని ఓడిపోతాయని కూడా మనవడే చెప్పినాడు. ఆ ఒక్క విద్యలో మన జిల్లాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, మనకు కావాలని చేసే అవసరమే రాలేదు.

పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే ఐదుగురిలో నలుగురు పెట్టె సర్దుతారు. విజయవాడ, తిరుపతి, హైదరాబాదు. పొద్దున ఐదుకు లేపి, రాత్రి పదికి పండుకోబెట్టే హాస్టళ్లు. పిల్లోడి ఒళ్లు నిజంగా ఆటకొచ్చే వయసు పదహారు, పదిహేడు. ఆ రెండేండ్లూ వాడు కుర్చీలోనే ఉంటాడు. ఇంక పట్టికెందుకు?

ఈ ఏడు మా పిల్లోళ్లలో ఒకడు బాగున్నాడు. పొడుగు, పైగా రెండు చేతులూ ఆడతాయి. వాళ్ల నాయనకు బట్టలంగడి. పోయి కూర్చొని, ఈ రెండేండ్లు పిల్లోడిని ఊర్లోనే చదివించప్పా అని అడిగినాను. 2024లో తెచ్చిన కొత్త క్రీడా విధానంలో సర్కారు ఉద్యోగాల్లో ఆటగాళ్ల కోటా 2 శాతం నుంచి 3 శాతం చేసినారని కూడా చెప్పినాను. ఆయన టీ తెప్పించి, మర్యాదగానే అడిగినాడు: "సారూ, మిగతా 97లో మావాడికి సీటొస్తాదని నేను ఫీజు కట్టేసినా. ఇప్పుడు తిరిగిస్తారా?"

తిరిగివ్వరు. జూన్‌లో పిల్లోడు బస్సెక్కుతాడు. మనవడు అప్పుడే వాడి పేరు కొట్టేసి, ఏడో తరగతోడిని ఒకడిని రాసుకున్నాడు. పట్టికలో ఆ పిల్లోడి ఎత్తుంది, చేతుల చాపుంది. మేనమామ సంగతి లేదు. కనుక్కోమని చెప్పినాను.